అన్నము పెట్టుట అపరాధమా?

ఆకలిగొని వాకిట నిలిచినవానికి ఊరు పేరు అడుగకముందే విస్తరి వేయవలెనను నియమము తెలుగునాట పల్లెపల్లెకును తెలిసినదే. ఆ నియమమును పాటించిన గృహస్థుని ఎవరును నిందింపరు. కాని అదే గృహస్థుని వాకిటికి అర్ధరాత్రివేళ తుపాకులు ధరించినవారు పదిమంది వచ్చి, అన్నమడిగి, తిని, తెల్లవారకముందే అడవిలోనికి వెడలిపోయినచో, మరునాటి మధ్యాహ్నమున వేరొక పక్షమువారు, వారును తుపాకులతోనే వచ్చి, "రాత్రి ఎవరికి వండితివి?" అని అడిగినచో, ఆ పెట్టిన అన్నము పుణ్యమగునా, నేరమగునా? పెట్టకున్న ప్రాణము దక్కదు. పెట్టినను దక్కునను నమ్మకము లేదు. ఇట్టి ఇంటి యజమాని చేసిన పనిని ధర్మము ఏ పేరుతో పిలువవలెను?

ఇది వాదము కొరకు కల్పించిన చిక్కు కాదు. గోదావరికి ఆవల, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు చెందిన దక్షిణ బస్తరులో, నేటి దంతెవాడ, బీజాపూరు, సుక్మా జిల్లాలలో, వేలాది ఆదివాసీ కుటుంబములు ఏండ్ల తరబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసివచ్చినది. (ఈ బీజాపూరు వేరు, బసవేశ్వరుని జన్మస్థలమైన బాగేవాడి గల కర్ణాటక జిల్లా, నేడు విజయపురమని పిలువబడునది, వేరు.) ఆ కుటుంబములలో కొన్ని పారిపోయివచ్చి తెలుగు జిల్లాల అడవులలో గుడిసెలు వేసికొన్నవి. వారి యూళ్లకు తుపాకి పట్టుకొని వెళ్లిన తొలి దళములును తెలుగు జిల్లాలనుండి వెళ్లినవే. కావున ఇది తెలుగువారికి దూరపు వార్త కాదు.

1980లో కొండపల్లి సీతారామయ్య నాయకత్వమున పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడినది. ఆ యేటనే దాని దళములు గోదావరి దాటి బస్తరు అడవులలో ప్రవేశించినవి. ఆనాడు అచటి జనులకు ప్రభుత్వమనగా అటవీ కావలివాడు, పట్వారీ, తునికాకు కంట్రాక్టరు. కోడి కావలెనన్న కోడి, వెట్టి కావలెనన్న వెట్టి. దళములు వచ్చిన పిమ్మట ఆ పీడ తగ్గినది, తునికాకు కట్టకు ముట్టు కూలి పెరిగినది. ఇది వారి విరోధులును అంగీకరించు సంగతియే. తొలినాళ్లలో ఆ దళములకు పెట్టిన అన్నములో కృతజ్ఞత కొంత కలదని చెప్పుటకు సంకోచింపనక్కర లేదు. కాని తుపాకి యొక ఊరిలో పాతికేండ్లు నిలిచిన పిమ్మట, పెట్టెడి చేయి కృతజ్ఞతతో పెట్టుచున్నదో, అలవాటుతో పెట్టుచున్నదో, భయముతో పెట్టుచున్నదో ఆ చేతికే తెలియదు. ఈ విషయమున తీర్పు చెప్పబూనువారందరు మొదట గమనింపవలసినది ఇదియే.

2005 జూన్ నెలలో బీజాపూరు ప్రాంతమున సల్వాజుడుం అను ఉద్యమము బయలుదేరినది. ప్రభుత్వము దానిని శాంతియాత్ర యనినది. జుడుం అనగా గోండీ భాషలో ఊరంతయు కలసి చేయు వేట. ఊళ్లు విడిచి బాటల ప్రక్కన నేర్పరచిన శిబిరములకు రండని జనులను పిలిచిరి. రానివారి ఇండ్లు కాలినవి, ధాన్యము పోయినది. సుమారు 640 గ్రామములు ఖాళీ యయ్యెను. ఇరువదికి పైబడిన శిబిరములలో ఒక దశలో ఏబదివేల మంది వరకు తలదాచుకొనిరి. యువకులను, చదువు అంతంతమాత్రమైన వారిని, ప్రత్యేక పోలీసు అధికారులను పేరుతో నెలకు మొదట 1500 రూపాయలు, తరువాత 3000 రూపాయలిచ్చి నియమించిరి. శిబిరమునకు వచ్చినవాడు మావాడు, రానివాడు శత్రువు అని ఒక పక్షము తేల్చినది. వెళ్లినవాడు ద్రోహి యని రెండవ పక్షము తేల్చినది. 2006 జూలై 17న ఎర్రబోరు శిబిరముపై మావోయిస్టులు చేసిన దాడిలో ముప్పదిమందికి పైగా మరణించిరి; వారిలో పసివారును కలరు. ఊరిలో నిలిచియుండుట ఒక నేరము, ఊరు విడిచి వెళ్లుట మరియొక నేరము. నిలుచుటకును పోవుటకును నడుమ మనుష్యుడు కాలు మోపదగిన చోటు ఏదియు మిగులలేదు.

శిబిరములతో పాటు చౌకధరల దుకాణములును బాటల ప్రక్కకు తరలినవి. అడవిలో మిగిలినవారు బియ్యము కొరకు, ఉప్పు కొరకు ఆమడదూరము నడచి వారపు సంతకు పోవలసివచ్చెను. తిరుగుబాటలో మూట విప్పించి తూచుట మొదలయ్యెను. ఇంటిలో తినువారు ఐదుగురే కదా, ఇన్ని బియ్యమెందుకు? జ్వరపు మాత్రలు ఇన్ని ఎవరికి? ఇప్పపువ్వు, చింతపండు అమ్మి తెచ్చుకొన్న గింజలను గూర్చి ఒక గృహిణి సంజాయిషీ ఇయ్యవలసి వచ్చినది. పెండ్లికో, పండుగకో, చుట్టము వచ్చినందుకో రెండు శేర్లు అధికముగా కొనుట అనుమానమునకు హేతువైనది. మనుష్యుని ఆతిథ్యమును తూనికరాళ్లతో కొలిచి నేరము నిర్ణయించెడి పద్ధతి యిది.

ఈ పద్ధతి బస్తరులో పుట్టినది కాదు. తిరుగుబాటుదారుని కూడు తెగగొట్టిన వాడు తానే లొంగునను సిద్ధాంతము పలు దేశముల సేనలకు తెలిసినదే. తెలంగాణమున 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత, 1951 అక్టోబరున సాయుధ పోరాటము విరమింపబడు వరకు, గోదావరి తీరపు అడవులలోని కోయ గూడెములను ఖాళీ చేయించి శిబిరములకు చేర్చిరి. ఆ కాలముననే మలయాలో బ్రిటిషువారు సుమారు ఐదులక్షల మందిని ముళ్లకంచెలు గల క్రొత్త గ్రామములకు తరలించిరి. అచట దుకాణమున డబ్బా కొన్నవెంటనే దానికి చిల్లు పొడిచెడివారు, దాచి అడవికి చేర్చకుండునట్లు. 1956లో కొన్ని ప్రాంతములలో బియ్యము ఇండ్లకు ఇచ్చుట మాని, ఒకే వంటశాలలో వండి అన్నమే పంచిరి. వండిన అన్నము ఒక పూటకు మించి నిలువదు గదా! మిజో కొండలలో 1967 మొదలుకొని జనాభాలో ఐదింట నాలుగు వంతులను సైన్యము బాటల ప్రక్క గ్రామములకు చేర్చినది. తాము ఇష్టపూర్వకముగనే వచ్చితిమని ఊరి పెద్దలచేత కాగితములపై సంతకములు పెట్టించిన వృత్తాంతములును కలవు. బలవంతము చేసినవానికి కూడ ఎదుటివాని ఇష్టము కాగితముపైనైనను కావలసివచ్చుట విచిత్రము. బలవంతపు సమ్మతి సమ్మతి కాదని అతనికిని తెలియునన్నమాట.

సమ్మతి సంగతి వచ్చినది గనుక దాసోహమును గూర్చి చెప్పవలెను. పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడును శరణులును నెలకొల్పిన జీవనవిధానములో కాయకము మొదటిది, దాసోహము దాని ఫలము. చెమటోడ్చి ఆర్జించినదానిని "ఇది నాది కాదు" అను భావముతో సమాజమునకు, జంగమునకు అర్పించుట దాసోహము. అర్పించువాని స్వేచ్ఛ అందుకు ప్రాణము. స్వేచ్ఛ లేనిచో అది కప్పమగును, దండుగయగును, దాసోహము కాదు. ఈ కొలతతో చూచిన తుపాకి చూపి అన్నమడిగిన వాడు ఎంత గొప్ప ఆశయము చెప్పినను జంగముడు కాజాలడు. అతడు తినునది మరియొకని కాయకము. పేదల కొరకే పోరాడుచున్నామనువారు పేదవాని కుండలో గరిట పెట్టునపుడు, ఆ పేదవానికి లేదు పొమ్మనెడి హక్కు ఉన్నదో లేదో తమ్ము తాము అడిగికొనవలెను. లేదు పొమ్మన్నవాడు మరునాడు ప్రజాకోర్టులో నిలువవలసివచ్చిన ఊళ్లలో ఆ ప్రశ్నకు జవాబు వెదకనక్కర లేదు.

అయినను పెట్టినవాని పక్షమున ఇంకొక మాట కలదు. భయముతో పెట్టిన అన్నము దాసోహము కాదన్నంత మాత్రమున అది పాపము కాదు. పుణ్యము కానిదెల్ల పాపమని ఏ ధర్మమును చెప్పలేదు. పుణ్యపాపముల రెంటికిని వెలుపల, కేవలము ప్రాణరక్షణ కొరకు చేయు పనులు మనుష్యజీవితమున ఎన్నియో కలవు. ఆ రాత్రి ఉడికించిన గంజి అట్టి పనులలో నొకటి. దానిని రాజద్రోహమని పిలుచుట యెంత అన్యాయమో, విప్లవ సేవ యని కీర్తించుటయు అంత అన్యాయమే. ఇరుపక్షములును ఆ గంజిలో తమకు కావలసిన అర్థమును చూచుకొనుచున్నవి; కాచినవాని అభిప్రాయమును ఎవరును అడుగుట లేదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములో సిరియాళుని కథ యున్నది. అతిథిగా వచ్చిన శివుడు భక్తుని కుమారునే ఆహారముగా కోరుట, తల్లిదండ్రులు సమకట్టుట, చివరకు బాలుడు సజీవుడై తిరిగివచ్చుట వీరశైవ గృహములలో తెలియని వారుండరు. ఆ కథను విని కంటతడి పెట్టువారు దండకారణ్యమును గూర్చియు ఒక సంగతి వినవలెను. అచట వచ్చిన అతిథులు అన్నముతో ఆగలేదు. బిడ్డలనడిగిరి. దళములలోనికి, బాలసంఘములలోనికి పిల్లలను తీసికొనిపోయిరి. రెండవ పక్షమువారును పద్దెనిమిదేండ్లు నిండని వారికి ప్రత్యేక పోలీసులుగా తుపాకులిచ్చినట్లు మానవహక్కుల పరిశోధకులు 2008లో వెల్లడించిరి. పురాణములోని అతిథి పరమేశ్వరుడు గనుక తీసికొన్నవానిని తిరిగి ఇయ్యగలిగెను.

ఇక సత్యభాషణమునకు సంబంధించిన చిక్కు. అబద్ధమాడరాదనుట శరణుల ఆచారములలో ముఖ్యమైనది. సైనికుడు వచ్చి "వారు వచ్చిరా?" అని అడిగినపుడు నిజము చెప్పినచో పొరుగింటివాని వీపు పగులును, చెప్పినవాని పేరు అడవికి చేరును, పదిదినములలో ఊరి వెలుపల అతని శవము కనబడును. అబద్ధము చెప్పినచో వ్రతభంగము. మహాభారతము కర్ణపర్వములో శ్రీకృష్ణుడు చెప్పిన కౌశికుని కథ యీ సందర్భమునకే చెప్పినట్లుండును. దొంగలకు జడిసి అడవిలో దాగినవారి జాడను, సత్యవ్రతమును తప్పరాదను పట్టుదలతో, ఆ దొంగలకే తెలిపి కౌశికుడు నరకమునకు పోయెను. సత్యము ఎదుటివాని ప్రాణము తీయునపుడు దానిని పలికినవాడు సత్యవంతుడు కాడని ఆ కథ తేల్చినది. అయితే కౌశికుడు తపస్వి. అతనికి భార్యాబిడ్డలు లేరు, మరునాడు మరియొక ముఠా వచ్చి ప్రశ్నించునను భయము లేదు. గూడెములోని గృహస్థుడు ప్రతి దినము కౌశికుని స్థానమున నిలువవలసినవాడు. అతడు "తెలియదు" అను మాటను నేర్చికొనెను. తెలుగులోను గోండీలోను హిందీలోను ఆ యొక్క మాటయే అతని కవచము. దానిని అబద్ధమనుట సుఖముగా కూర్చున్న వారికి తగును.

గ్రామమంతయు నిష్కళంకమని చెప్పుట మాత్రము సత్యము కాదు. పొలము గట్టు తగాదా, ఆడపిల్ల విషయమున పౌరుషము, వెనుకటి పంచాయతీలో జరిగిన అవమానము, ఇవన్నియు తుపాకులు రాకముందునుండి ఊరిలో ఉన్నవే. తుపాకులు వచ్చిన పిమ్మట వీనికి దారి సులభమైనది. గిట్టనివానిని గూర్చి దళమునకు "ఇన్‌ఫార్మరు" అని చెప్పిన చాలును. ఠాణాకు "వీడు అన్నలకు వండిపెట్టువాడు" అని చెప్పిన చాలును. ఒక మాటతో పగ తీరును. ఇట్టి చావులలో బాధ్యత తుపాకిదా, మాటదా యని అడుగవచ్చును. రెంటిదియును. కాని విచారణ లేకుండ శిక్షించు అధికారము తనకున్నదని చాటుకొన్నవాడు ఊరిలోని ప్రతి కొండెమునకును ఉరిత్రాడు అందించినవాడగును. సాక్ష్యమును పరీక్షించుట, ఎదుటివాని మాట వినుట, సంశయము కలిగినపుడు విడిచిపెట్టుట, ఇవి నిదానపు పనులు. యుద్ధమునకు నిదానము లేదు.

సైనికుని మాటయు వినవలెను. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవానులు ఒకే ఉదయమున మరణించిరి. వారిలో పెక్కుమంది ఉత్తరదేశపు రైతుబిడ్డలే. భాష తెలియని అడవిలో, బాట క్రింద మందుపాతర యున్నదో లేదో తెలియక నడచు యువకునికి, దానిని పాతినవారికి ఊరిలో నెవరో అన్నము పెట్టియుందురన్న తలంపు కలుగుట సహజము. ఆ తలంపు నిరాధారమును కాదు. తప్పు అచటినుండి ఒక అడుగు ముందుకు వేయుటలో నున్నది. "ఎవరో" అను మాట "అందరును" అను మాటగా మారుటలో నున్నది. మరుసటి యేడు మార్చిలో తాడ్‌మెట్ల, తిమ్మాపురము, మోర్‌పల్లి గ్రామములలో రెండువందలకు పైగా ఇండ్లు కాలిపోయినవి. సుప్రీంకోర్టు ఆజ్ఞపై సి.బి.ఐ. దర్యాప్తు చేసి 2016లో కొందరు ప్రత్యేక పోలీసులపై అభియోగపత్రము దాఖలు చేసినది.

సార్కెగూడ సంగతి ఇంతకంటె బాధాకరము. 2012 జూన్ 28 రాత్రి ఆ ఊరిలో జనులు గుమిగూడియుండగా బలగములు కాల్పులు జరిపినవి. 17 మంది మరణించిరి. వారిలో బాలురును కలరు. విత్తనముల పండుగ ఏర్పాట్లను గూర్చి మాటలాడుకొనుటకు కూడితిమని గ్రామస్థులు మొదటినుండియు చెప్పిరి. మావోయిస్టుల సమావేశమని అధికారులు చెప్పిరి. విశ్రాంత న్యాయమూర్తి వి. కె. అగర్వాల్ కమిషను, చనిపోయినవారు మావోయిస్టులనుటకు సాక్ష్యము లేదని తన నివేదికలో తేల్చినది. ఆ నివేదిక వెలుగు చూచునప్పటికి 2019 డిసెంబరు వచ్చినది. తొలకరికి ముందు విత్తనమును పూజించి పంచుకొనుట కొరకు పల్లెవాసులు రాత్రి కూడుట అనాదిగా వచ్చు ఆచారము. రాత్రి కూడినవారందరును కుట్రదారులేయని తలచిన కండ్లకు విత్తనము కూడ మందుగుండువలె కనబడును.

ఈ సమస్తమునకు ధర్మపీఠమునుండి స్పష్టమైన మాట ఒకసారి వెలువడినది. 2011 జూలై 5న న్యాయమూర్తులు బి. సుదర్శనరెడ్డి, ఎస్. ఎస్. నిజ్జార్, చదువు చాలని ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి తిరుగుబాటుపైకి పంపుట రాజ్యాంగము 14, 21 అధికరణములకు విరుద్ధమని తీర్పు చెప్పిరి. వారిలో మొదటివారు తెలంగాణ ప్రాంతపు వారగుట ఇచట స్మరింపదగినది. కాని రాష్ట్రప్రభుత్వము ఆ యేటనే క్రొత్త చట్టము చేసి ఆ యువకులనే సహాయక పోలీసు దళమున చేర్చుకొన్నది. 2007లో మొదలైన ఆ వ్యాజ్యము 2025 మే నెలలో ముగిసినది. అప్పటికి వ్యాజ్యము మొదలైననాటి శిశువులు ఓటు వేయు వయస్సు వారైరి.

ఏ పక్షమును ఎన్నుకొనలేక పారిపోయినవారి గతి మరియొక విధముగా నున్నది. గోదావరి లోయ వెంబడి అడవులలో గుత్తికోయలనబడు వీరు చెట్లు కొట్టి పోడు చేసికొనిరి. అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందుటకు 2005 డిసెంబరు 13 నాటికే భూమి అనుభవములో ఉండవలెను. వీరిని తరిమిన కల్లోలము ఆ యేడు జూన్‌లో మొదలై తరువాతి సంవత్సరములలో పెరిగినది గనుక వీరిలో పెక్కుమంది ఆ తేదీకి ఆలస్యముగా వచ్చినవారే. ప్రాణభయముతో పరుగెత్తువాడు గడువు తేదీ చూచుకొని పరుగెత్తడు. కావున వారి గుడిసెలు పలుమార్లు కూలగొట్టబడినవి.

వీరశైవ కుటుంబములు ఈ వృత్తాంతమును పరాయివారిదిగా తలపనక్కర లేదు. బిజ్జలుని వధానంతరము శరణులు కల్యాణము విడిచి ఉళివికిని ఇతర దిక్కులకును చెదరిపోయిరనియు, రాజభటులు వెంటాడిరనియు సంప్రదాయము చెప్పుచున్నది. ఆ దారిపొడవున వారికి గంజి పోసిన పల్లెవాసులును ఉండియే యుందురు. భటులు వచ్చి వారినేమి అడిగిరో, వారేమి చెప్పిరో ఊహించుట కష్టము కాదు.

నేడు బస్తరులో తుపాకుల సంఖ్య తగ్గినది. 2025 మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు అబూజ్‌మాడ్ అడవులలో హతుడయ్యెను. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు అనుచరులతో గడ్చిరోలిలో ఆయుధములు అప్పగించెను. ఇరువురును తెలుగు జిల్లాలవారే. లొంగిపోయిన క్రిందిశ్రేణివారిలో పలువురు అంతకుముందునుండియు జిల్లా రిజర్వు గార్డులను పోలీసు దళములలో చేర్చుకొనబడుచు వచ్చిరి. వీరికి అడవి తెలియును; అంతకంటె ముఖ్యముగా, ఏ యింట ఏ రాత్రి ఎవరు వండిపెట్టిరో తెలియును. తిన్నయింటి వాసములు లెక్కించుట యనునది సామెతగా వినుట వేరు, ఉద్యోగధర్మముగా చూచుట వేరు. తానే అడిగి తిన్న అన్నమునకు తానే సాక్షియై నిలిచి, పెట్టినవానిని పట్టియిచ్చువాని నేరమునకు ఏ శాస్త్రమున శిక్ష కలదో పండితులు విచారింపవలెను.

లొంగిపోయినవారికి ప్రభుత్వ విధానము ప్రకారము ధనసహాయము, పునరావాసము కలవు. అది మంచిదే, ఆయుధము విడిచినవానికి బ్రతుకుదారి చూపవలసినదే. కాని ఆయుధము పట్టనివాని సంగతి యేమి? 2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ వద్ద జరిగిన దాడిలో 25 మంది జవానులు మరణించిరి. ఆ దాడికి తోడ్పడిరని చుట్టుప్రక్కల గ్రామముల ఆదివాసులను పట్టి జైలులో నుంచిరి. సుమారు ఐదేండ్ల తరువాత, 2022 జూలైలో, దంతెవాడ న్యాయస్థానము సాక్ష్యము లేదని 121 మందిని నిర్దోషులుగా విడుదల చేసినది. ఐదు వానకాలములు వారి పొలములలో దున్నవలసిన చేతులు జైలు గోడల నడుమ నుండెను. నిర్దోషియని తేలినవానికి పోయిన సంవత్సరములకు పరిహారమిచ్చు చట్టము ఈ దేశమున ఇంతవరకు లేదు.